వర్క్‌ఫోర్స్ ఆస్ట్రేలియా సర్వీసు: ఉద్యోగం మీది, బిల్లు ప్రొవైడర్‌ది

ఉద్యోగం పోయి సెంటర్‌లింక్ అనే సర్కారీ సాయం ఆఫీసు ఇచ్చే డబ్బు మీద నెట్టుకొస్తున్న మనిషికి ఆస్ట్రేలియా ప్రభుత్వం తనే కూర్చుని ఉద్యోగం వెతికిపెట్టదు. టెండరు పిలిచి ఆ పని బయటి సంస్థలకు అప్పజెప్పింది. వాటిలో లాభం కోసం నడిచే కంపెనీలూ ఉన్నాయి, చర్చిలకూ సేవాసంస్థలకూ అనుబంధంగా ఉన్నవీ ఉన్నాయి. అక్కడ అందరికీ ఒకటే పేరు: ప్రొవైడర్. 2022 జూలై 4 నుంచి ఈ మొత్తం ఏర్పాటుని వర్క్‌ఫోర్స్ ఆస్ట్రేలియా అంటున్నారు. రేటింగ్ ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి తేలిక: వెబ్‌సైటుకి ఐదుకి మూడు, ప్రొవైడర్ ఆఫీసుకి ఐదుకి రెండు. ఆ రెండులోనూ ఒకటి ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ (ఉద్యోగానికి కావాల్సినవి కొనిపెట్టే సొమ్ము) పుణ్యం.

ముందు ఇది ఎవరికి దొరుకుతుందో చూద్దాం. వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఉద్యోగాలు వెతుక్కోవడం ఎవరైనా చెయ్యొచ్చు. ప్రొవైడర్, ఫండ్, సబ్సిడీ వంటివి మాత్రం ప్రధానంగా జాబ్‌సీకర్ పేమెంట్ లాంటి ఆదాయ సాయం తీసుకునేవాళ్ళ కోసం. స్టూడెంట్ వీసా మీదా టెంపరరీ వర్క్ వీసా మీదా ఉన్నవాళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చినా వెంటనే కాదు. 2019 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చిన రెసిడెంట్లు జాబ్‌సీకర్ కోసం 208 వారాలు, అంటే నాలుగేళ్ళు ఆగాలి. శరణార్థుల వంటి కొందరికి మినహాయింపు ఉంది. పీఆర్ స్టాంపు పడ్డ నెలలోనే ఉద్యోగం పోతే ఈ సర్వీసు ఆదుకుంటుందనుకుని ఇంటి లోన్ లెక్కలు వేసుకోకండి.

పాత చరిత్ర రెండు ముక్కల్లో. 1946లో పెట్టిన కామన్వెల్త్ ఎంప్లాయ్‌మెంట్ సర్వీస్ అనే సర్కారీ ఎక్స్‌ఛేంజీని మూసేసి, 1998 మే 1న జాబ్ నెట్‌వర్క్ తెరిచారు. 2009లో అది జాబ్ సర్వీసెస్ ఆస్ట్రేలియా అయింది, 2015లో జాబ్‌యాక్టివ్ అయింది, 2022లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దేశాన్ని 51 ఎంప్లాయ్‌మెంట్ రీజియన్లుగా విడగొట్టి ఒక్కో రీజియన్‌కి ప్రొవైడర్లను ఎంపిక చేస్తారు. కాంట్రాక్టు చేతులు మారితే మీ రికార్డు కొత్త ప్రొవైడర్‌కి వెళుతుంది. పాత కన్సల్టెంట్ నోటిమాటగా ఒప్పుకున్నవి మాత్రం వెళ్ళవు. ఏ హామీ ఇచ్చినా ఈమెయిల్‌లో ఇమ్మని అడగమనేది అందుకే.

సర్వీసులో మొదటి మెట్టు జాబ్ సీకర్ స్నాప్‌షాట్ అనే ప్రశ్నపత్రం. చాలామంది దీన్ని బస్సులో కూర్చుని ఫోన్‌లో పది నిమిషాల్లో నింపేస్తారు, ఆ తర్వాత నెలల తరబడి దాని ఫలితం మోస్తారు. మీ జవాబుల్ని తీసుకుని జాబ్ సీకర్ క్లాసిఫికేషన్ ఇన్‌స్ట్రుమెంట్ అనే లెక్క 18 అంశాల మీద మార్కులు వేస్తుంది. వయసు, చదువు, ఈమధ్య చేసిన పని, ఇంగ్లీషు, రవాణా, ఇల్లు నిలకడగా ఉందా, ఆరోగ్యం, జైలుశిక్ష వంటివి ఆ అంశాలు. మార్కులు తక్కువైతే మీ అంతట మీరే ఉద్యోగం చూసుకోగలరని తేల్చి ఆన్‌లైన్‌లో వదిలేస్తుంది. ఎక్కువైతే ప్రొవైడర్ దగ్గరికి పంపుతుంది. పైగా ఆ ప్రొవైడర్‌కి మీ మీద వచ్చే సొమ్ము కూడా ఈ లెక్కనుబట్టే హెచ్చుతగ్గులవుతుంది.

మనవాళ్ళు ఇక్కడే ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. పరువుకి పోయి అన్నిటికీ 'బాగానే ఉంది' అని రాస్తారు. కారు లేకపోయినా రవాణా ఇబ్బంది లేదంటారు. ఫోన్‌లో ఇంగ్లీషు అర్థం కాకపోయినా 'ఫ్లూయెంట్' మీద టిక్ పెడతారు. నడుంనొప్పి దాస్తారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఈ పద్ధతి చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. ఉన్న ఇబ్బంది దాస్తే మీకు రావాల్సిన సాయమే తగ్గుతుంది, చెయ్యాల్సిన పనుల లెక్క మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెట్టినట్టే పెడతారు. పరిస్థితి మారితే స్నాప్‌షాట్‌ని ఎప్పుడైనా సరిచెయ్యొచ్చు. ఇల్లు మారినా, విడాకులైనా, ఆపరేషన్ అయినా అదే వారంలో మార్చండి.

ఆన్‌లైన్ భాగానికి మూడు మార్కులు ఎందుకంటే, చెప్పిన పని చేస్తుంది. సాయం తీసుకునేవాళ్ళకి నెలకి పాయింట్ల లక్ష్యం ఉంటుంది, మామూలుగా 100. ఒక దరఖాస్తుకి 5 పాయింట్లు. అంటే దరఖాస్తులతోనే నింపాలంటే 20 కావాలి. జాబ్‌యాక్టివ్ కాలంలో మామూలుగా అడిగినదీ నెలకి 20 దరఖాస్తులే, సీసా మారింది గానీ సారా పాతదే. కాకపోతే ఇప్పుడు కోర్సు, పార్ట్‌టైమ్ పని, ఇంటర్వ్యూ, ఉద్యోగ మేళా వంటివాటికీ పాయింట్లున్నాయి కాబట్టి కొంత వెసులుబాటు వచ్చింది. ఎన్ని పాయింట్లొచ్చినా కనీసం కొన్ని దరఖాస్తులు తప్పనిసరి, మామూలుగా నాలుగు. 100 దాటినా దరఖాస్తులు మూడే ఉంటే ఆ నెల ఫెయిలే. లక్ష్యం మించి సంపాదిస్తే, లక్ష్యంలో సగం వరకు మిగులు వచ్చే నెలకి జమవుతుంది. డిసెంబరులో ఖాళీలు తగ్గుతాయి కాబట్టి నవంబరులో కొంచెం ఎక్కువ చేసిపెట్టుకోవడం తెలిసినవాళ్ళు చేసే పని. పిల్లల బాధ్యత, అనారోగ్యం, ఊళ్ళో ఉద్యోగాలే లేకపోవడం లాంటి కారణాలుంటే లక్ష్యం తగ్గించమని అడగొచ్చు. అడిగితేనే తగ్గిస్తారు.

కొత్తవాళ్ళు తికమకపడేది ఇంకోటుంది. రెండు వారాలకోసారి, సెంటర్‌లింక్‌ని నడిపే సర్వీసెస్ ఆస్ట్రేలియాకి ఆదాయం రిపోర్టు చెయ్యడం ఒక పని. నెలకోసారి పాయింట్లు పూర్తిచెయ్యడం వేరే పని. రెండూ మైగవ్ అనే సర్కారీ ఆన్‌లైన్ ఖాతాలోంచే వెళతాయి కాబట్టి ఒకటి చేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటారు. తారీఖులు వేర్వేరు, చూసే ఆఫీసులు వేర్వేరు. ఒకదాని బదులు ఇంకోటి చెల్లదు. బయటి సైట్లలో పెట్టిన దరఖాస్తుల్ని మీరే ఎక్కించాలి: కంపెనీ పేరు, పోస్టు పేరు, తేదీ. వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ ఈమెయిల్స్‌ని ఒక ఫోల్డర్‌లో పడేసి ఉంచండి. ఆడిట్‌లో అడిగినప్పుడు అవే దిక్కు. ప్రొవైడర్ పంపిన కోర్సుకి వెళ్ళినా, హాజరు అటువైపు నుంచి ఎక్కకపోతే మీ స్క్రీన్ మీద సున్నాయే కనబడుతుంది. నెలాఖరుకి నాలుగు రోజుల ముందు ఒకసారి చూసి, తేడా ఉంటే అప్పుడే ఫోన్ చెయ్యండి. చివరి రోజు సాయంత్రం చూసి లాభం లేదు.

ఆన్‌లైన్‌లో దాదాపు ఏడాది గడిచినా పని దొరకకపోతే మామూలుగా ప్రొవైడర్‌కి మారుస్తారు. అసలు సర్వీసు అక్కడ మొదలవుతుంది, అసలు ఫిర్యాదులు కూడా.

ప్రొవైడర్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. కన్సల్టెంట్ మీ మొహం కంటే స్క్రీనే ఎక్కువ చూస్తారు. పొగరనుకోకండి. మీరు వచ్చినట్టు ముందు నమోదు చెయ్యాలి. నమోదు కాకపోతే సిస్టమ్ మిమ్మల్ని గైర్హాజరీ కింద లెక్కేస్తుంది. తర్వాత పాయింట్లు చూడాలి, జాబ్ ప్లాన్ (మీరు చెయ్యాల్సిన పనుల ఒప్పందం) మీద మార్పులుంటే ఒప్పించుకోవాలి, వచ్చే అపాయింట్‌మెంట్ క్యాలెండర్‌లో పెట్టాలి, జరిగినది నోట్‌గా ఎక్కించాలి. పాత జాబ్‌యాక్టివ్ రోజుల్లో ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం 2018లో చూసినప్పుడు ఒక్కో కన్సల్టెంట్ నెత్తిన సగటున 148 మంది ఉన్నారు. అంతమందిని చూసే మనిషికి మీ ఉద్యోగం గురించి ఆలోచించడానికి ఎంత సమయం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

కాబట్టి ఖాళీ చేతులతో వెళ్ళొద్దు. మీరు నిజంగా చెయ్యదలుచుకున్న పనికి సంబంధించిన ప్రకటనలు రెండు మూడు, దానికి తగ్గట్టు దిద్దుకున్న రెజ్యూమె, ఆ రోజుకి ఒకే ఒక్క కోరిక. 'ఏదైనా పర్లేదు' అన్నారంటే గోడౌన్‌లోనో క్లీనింగ్‌లోనో ఆ వారం ఖాళీ ఏదుంటే అందులోకి మీ పేరు వెళ్ళిపోతుంది. జాబ్ ప్లాన్ అనేది సంతకమయ్యాక మిమ్మల్ని కట్టిపడేసే పత్రం. అందులో లేని పనిని చెయ్యలేదని మిమ్మల్ని తప్పుపట్టలేరు, ఉన్నది చెయ్యకపోతే తప్పించుకోలేరు. అక్కడికక్కడే సంతకం పెట్టమని తొందరపెడితే 'ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి' అని చెప్పండి. ఆ హక్కు నియమాల్లోనే ఉంది. పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చుకునే వేళలు, డాక్టరు చెప్పిన పరిమితులు, ఎంత దూరం ప్రయాణం చెయ్యగలరన్నది అందులో రాయించుకున్నాకే ఒప్పుకోండి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఇది తెలియకపోతే ప్రొవైడర్ ఎందుకలా ప్రవర్తిస్తున్నాడో అంతు చిక్కదు. మిమ్మల్ని చేర్చుకున్నప్పుడు కాంట్రాక్టు ఇచ్చిన ప్రభుత్వ శాఖ, అంటే డిపార్ట్‌మెంట్, ఒకసారి కొంత సొమ్ము ఇస్తుంది. ఆ తర్వాత అసలు ఆదాయం మీరు ఉద్యోగంలో చేరి 4 వారాలు, 12 వారాలు, 26 వారాలు నిలబడితే వస్తుంది. వీటిని అవుట్‌కమ్ పేమెంట్లు అంటారు. మీ సెంటర్‌లింక్ సొమ్ము పూర్తిగా ఆగేంత సంపాదిస్తే పూర్తి అవుట్‌కమ్, కొంత తగ్గేంతైతే పాక్షికం. ఉద్యోగం మీరే సంపాదించుకున్నా, మీరు ఆ ప్రొవైడర్ జాబితాలో ఉంటే క్లెయిమ్ అతనిదే. అందుకే మూడు నెలలుగా పలకని ఆఫీసు మీరు పనిలో చేరిన వారంలో రెండుసార్లు ఫోన్ చేసి పేస్లిప్ పంపమంటుంది. ఆదాయం లెక్క మీరు చెప్పాల్సిన చోటు సర్వీసెస్ ఆస్ట్రేలియా. ప్రొవైడర్ పేస్లిప్ అడుగుతున్నది తన బిల్లు కోసం. కొత్త యజమానికి ఎవరో ఏజెన్సీవాళ్ళు ఫోన్ చెయ్యడం ఇష్టం లేకపోతే, యజమానిని సంప్రదించొద్దని రాసి ఇవ్వండి.

ఈ లెక్కలోంచే రెండు జబ్బులు పుట్టాయి. కాంట్రాక్టు ఉద్యోగ సేవలున్న ప్రతి దేశంలోనూ ఇవి కనబడతాయి. ఎలాగూ ఉద్యోగం దొరికేవాళ్ళ మీద ముందు చెయ్యి వెయ్యడం ఒకటి, పాల మీద మీగడ తీసుకున్నట్టు. కష్టమైనవాళ్ళని అపాయింట్‌మెంట్ల మీద అపాయింట్‌మెంట్లు వేసి పక్కన కూర్చోబెట్టడం రెండోది. ఆ రంగంలోవాళ్ళు వీటిని క్రీమింగ్, పార్కింగ్ అని బాహాటంగానే అంటారు. కష్టమైన కేసుకి ఎక్కువ సొమ్మిస్తే చాలనుకున్నారు. కొంత తగ్గింది, పోలేదు. ఎందుకంటే 26 వారాల తర్వాత వచ్చే పెద్ద మొత్తం కోసం ఇవాళ ఖర్చుపెట్టాలి, ఆ మనిషి నిలబడకపోతే ఆ ఖర్చు నీళ్ళపాలు. ఏ షాపువాడైనా అమ్ముడుపోయే సరుకే ముందు వరసలో పెడతాడు కదా.

మీరు ఏ వరసలో ఉన్నారో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. వరసగా మూడు అపాయింట్‌మెంట్లలో ఎవరూ మీ పేరు మీద ఒక్క యజమానికి కూడా ఫోన్ చెయ్యకపోతే, మిమ్మల్ని పక్కన పెట్టారని అర్థం. అప్పుడు చెయ్యాల్సింది ఫండ్ అడగడం.

ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ ఈ సర్వీసులో నిజంగా ఉపయోగపడే భాగం. ప్రొవైడర్ దగ్గరికి వచ్చిన ఒక్కో మనిషి లెక్కన 1,600 డాలర్లు ఆ ప్రొవైడర్ ఖాతాలో జమవుతాయి. అది మీ సొంత ఖాతా అనుకోవద్దు. అందరి సొమ్మూ ఒకే కుండలో పడుతుంది, ఒకరికి 300 ఖర్చుపెట్టి ఇంకొకరికి 3,000 పెట్టొచ్చు. పైగా ప్రొవైడర్ ముందు తన జేబులోంచి కొని, తర్వాత డిపార్ట్‌మెంట్ దగ్గర రాబట్టుకుంటాడు. కాగితాలు సరిగా లేవని డిపార్ట్‌మెంట్ కొట్టేస్తే నష్టం అతనిదే. 'బడ్జెట్ లేదు' అనే జవాబు వెనక చాలాసార్లు ఉండేది ఈ భయమే. కాబట్టి ఆ భయం పోయేలా అడగాలి.

ఎలాగంటే, కన్‌స్ట్రక్షన్ సైట్‌లో పనికి వైట్ కార్డ్ (సైట్ భద్రతా శిక్షణ అయినట్టు చూపే కార్డు), సేఫ్టీ బూట్లు కావాలనుకోండి. నోటితో అడిగితే 'చూద్దాం' అంటారు. ఈమెయిల్ పెట్టండి. అందులో ఉద్యోగ ప్రకటన లింకు, వైట్ కార్డ్ తప్పనిసరి అని రాసి ఉన్న వాక్యం, రిజిస్టర్డ్ ట్రైనింగ్ సంస్థ ఇచ్చిన కొటేషన్, కోర్సు తేదీ, బూట్ల సైజు, షాపు కొటేషన్, పని మొదలయ్యే తేదీ ఉంటే అది. చివర ఒక్క మాట: 'కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పండి.' అలా అడిగిన దరఖాస్తుని కాదనడానికి రాసి ఇవ్వాలి, ఆ రాత రేపు ఎవరైనా చూడొచ్చు. పోలీసు చెక్, ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు, డ్రైవింగ్ క్లాసులు, యూనిఫారం, పనిముట్లు, మొదటి జీతం వచ్చేదాకా ప్రయాణ ఖర్చు, దుబాసీ, ఇవన్నీ ఫండ్‌లోకి వస్తాయి. ఉద్యోగంతో సంబంధం చూపించలేనివి రావు. మీరే ముందు కొనేసి బిల్లు తీసుకెళ్తే చాలావరకు తిరిగి రాదు. ఆమోదం ముందు, కొనడం తర్వాత.

వేజ్ సబ్సిడీ మీకు నేరుగా అందేది కాదు గానీ చిన్న వ్యాపారం నడిపేవాళ్ళతో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండే అస్త్రం. మిమ్మల్ని పెట్టుకున్నందుకు యజమానికి 26 వారాల్లో 10,000 డాలర్ల దాకా రావచ్చు. పని సగటున వారానికి కనీసం 20 గంటలు ఉండాలి. యజమాని మీ సొంత కుటుంబసభ్యుడై ఉండకూడదు. ఉన్న మనిషిని తీసేసి ఆ స్థానంలో మిమ్మల్ని పెట్టకూడదు. ఇందులో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: పని మొదలైపోతుంది, ఒప్పందం కాగితం వెనకబడుతుంది, గడువు దాటుతుంది. ఇంటర్వ్యూ కుదిరిన రోజే 'నాకు సబ్సిడీ అర్హత ఉందా, ఎంత?' అని ప్రొవైడర్‌ని అడిగి, ఆ జవాబుతో యజమాని దగ్గరికి వెళ్ళండి. ఇంకో మాట, 26 వారాలు పూర్తికాగానే మనిషిని మార్చి మళ్ళీ కొత్త సబ్సిడీ కోసం చూసే యజమానులు ఉంటారు. ఆ చోట మీకంటే ముందు ఎవరు పనిచేశారో అడగడంలో తప్పులేదు.

కోర్సులూ యాక్టివిటీల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. సాయం తీసుకుంటున్నందుకు బదులుగా చేయించే వర్క్ ఫర్ ద డోల్ పనిలో పెడితే రెండు వారాలకి అదనంగా 20.80 డాలర్లు ఇస్తారు. రైలు టికెట్లకే చాలని సొమ్ము. తప్పనిసరిగా ఏదో ఒకటి చెయ్యాల్సిన దశ వస్తే, వాళ్ళు చూపించేదాకా ఆగకుండా మీకు పనికొచ్చే సర్టిఫికేట్ కోర్సుని మీరే ఎంచుకుని ముందే ప్రతిపాదించండి. 45 దాటినవాళ్ళకి కెరీర్ ట్రాన్సిషన్ అసిస్టెన్స్ అని ఉంది, కంప్యూటర్ అలవాటు లేనివాళ్ళకి అది నయం. రెజ్యూమె క్లాసు పేరుతో నడిచే ఎంప్లాయబిలిటీ స్కిల్స్ ట్రైనింగ్ నాణ్యత నేర్పేవాళ్ళని బట్టి ఉంటుంది. ఆ క్లాసు నడిపేదీ మిమ్మల్ని పంపేదీ ఒకే గూటి సంస్థలా అని ఒకసారి చూసుకోండి, పార్లమెంటు విచారణలో కూడా ఈ విషయం మీద వేలెత్తి చూపారు.

శిక్షల వ్యవస్థ పేరు టార్గెటెడ్ కంప్లయన్స్ ఫ్రేమ్‌వర్క్, 2018 జూలై నుంచి ఉంది. పచ్చ, హెచ్చరిక, శిక్ష అని మూడు జోన్లు. తగిన కారణం లేకుండా తప్పితే ఒక డీమెరిట్. మూడు పడితే ప్రొవైడర్‌తో సమీక్ష, ఆరు నెలల్లో ఐదు పడితే సర్వీసెస్ ఆస్ట్రేలియాతో సమీక్ష, అది దాటితే శిక్ష జోన్. నియమాల ప్రకారం అక్కడ మొదటి తప్పుకి రెండు వారాల సొమ్ములో సగం, రెండోదానికి మొత్తం, మూడోదానికి పేమెంట్ రద్దు, పైన నాలుగు వారాల దాకా మళ్ళీ రాదు. తగిన ఉద్యోగాన్ని కాదంటే ఈ మెట్లేమీ లేకుండా నేరుగా రద్దు. ఎక్కువమందికి తగిలేది మాత్రం వీటికంటే ముందొచ్చే సస్పెన్షన్. అది శిక్ష కాదనీ, తిరిగి హాజరైతే ఆపిన సొమ్ము ఇచ్చేస్తామనీ నియమం. నియమం నిజమే. కానీ అద్దె తారీఖు సస్పెన్షన్ ఎత్తేసేదాకా ఆగదు. మెసేజ్ వచ్చిన రోజే ఫోన్ చేసి, కారణం చెప్పి, ఎవరితో ఎన్ని గంటలకి మాట్లాడారో రాసుకోండి. జ్వరమైతే మెడికల్ సర్టిఫికేట్‌ని ప్రొవైడర్‌కి చూపిస్తే సరిపోదు, సర్వీసెస్ ఆస్ట్రేలియాకి పంపితేనే తాత్కాలిక మినహాయింపు వస్తుంది.

ఈ యంత్రం తప్పులు చెయ్యదనుకోవద్దు. 2022లో చట్టం మారి, పేమెంట్ రద్దు చేసే ముందు మనిషి పరిస్థితిని చూసి నిర్ణయించాలని చెప్పింది. సిస్టమ్‌ని ఆ ప్రకారం మార్చలేదు. 2022 ఏప్రిల్ నుంచి 2024 జూలై మధ్య అలా 964 మంది పేమెంట్ చట్టవిరుద్ధంగా రద్దయిందని, ప్రభుత్వ ఆఫీసుల మీద ఫిర్యాదులు చూసే కామన్వెల్త్ అంబుడ్స్‌మన్ 2025లో తేల్చారు. మీ పేమెంట్ రద్దయితే అది మీ తప్పే అయ్యుంటుందని ఊరుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ప్రొవైడర్ మారితే బాగుపడుతుందా? కొంతవరకు. మనుషుల మీద ఆధారపడిన సర్వీసు కాబట్టి ఒక్క మంచి కన్సల్టెంట్ దొరికితే చాలా తేడా ఉంటుంది, వాళ్ళు ఎక్కువకాలం ఆ కుర్చీలో ఉండకపోవడమే చిక్కు. మూలంలో ఉన్న లోపం మాత్రం ఆఫీసు మారితే పోయేది కాదు. 2007లో 18 శాతం యజమానులు ఈ సర్కారీ ఉద్యోగ సేవల్ని వాడేవాళ్ళు. 2018కి అది 4 శాతానికి పడిపోయింది. ఖాళీలు ఇచ్చేవాళ్ళే రాని అంగడిలో కొనుగోలుదారుడు ఎంత తిరిగితే ఏం లాభం? బ్రిటన్ 2011 జూన్‌లో ఫలితం చూపిస్తేనే సొమ్ము అనే పద్ధతిలో వర్క్ ప్రోగ్రామ్ పెట్టింది. మొదటి 14 నెలల్లో నిలకడైన ఉద్యోగంలోకి వెళ్ళింది 3.6 శాతం, ప్రభుత్వం ఆశించింది 11.9 శాతం. తర్వాత మెరుగుపడిందన్నదీ నిజమే. ఫ్రాన్స్ 2007లో సుమారు రెండు లక్షల మందితో, లాటరీ వేసినట్టు కొందర్ని ప్రైవేటు సంస్థలకీ కొందర్ని సర్కారీ కౌన్సెలర్లకీ పంపి పోల్చింది. సర్కారీ వైపు ఫలితం ప్రైవేటుకి రెట్టింపు వచ్చింది. జర్మనీ 2002లో ఇంకో దారి పట్టింది: సొమ్ము విలువున్న వోచర్‌ని ఉద్యోగం వెతుక్కునే మనిషి చేతికే ఇచ్చింది. ఏజెంటుకి సొమ్ము రెండు విడతల్లో, రెండోది ఉద్యోగంలో ఆరు నెలలు నిలిస్తేనే. ఏ ఏజెంటు దగ్గరికి వెళ్ళాలో మనిషే తేల్చుకుంటాడు. ఆస్ట్రేలియాలో 2023 నవంబరులో జూలియన్ హిల్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ 75 సిఫార్సులతో నివేదిక ఇచ్చి, అంతా మార్కెట్‌కి వదలడం విఫలమైందనీ, మధ్యలో సర్కారీ సంస్థ ఒకటి మళ్ళీ రావాలనీ చెప్పింది.

ప్రొవైడర్‌ని మార్చుకోవాలనుకుంటే 'బాగా చూడటం లేదు' అంటే కుదరదు. మీకు కావాల్సిన ఫలానా సేవ అక్కడ లేదు, ఇంకో ఆఫీసులో ఉంది అని చూపించాలి. లేదా సంబంధం చెడిందని తేదీలతో రాయాలి. ఇల్లు మారితే అదే కారణం సరిపోతుంది. ముందు ఆ ఆఫీసు మేనేజర్‌కి రాయండి, పని కాకపోతే నేషనల్ కస్టమర్ సర్వీస్ లైన్ 1800 805 260కి ఫోన్ చెయ్యండి, అప్పటికీ కాకపోతే అంబుడ్స్‌మన్. పేమెంట్ తగ్గించినా రద్దు చేసినా దారి వేరు: సర్వీసెస్ ఆస్ట్రేలియాలో పునఃపరిశీలన అడగాలి, అక్కడా ఒప్పుకోకపోతే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్. పాత అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్ (ఏఏటీ) స్థానంలో 2024 అక్టోబరు 14 నుంచి ఉన్నది అదే. ఈ రెండు దార్లనీ కలిపి ఒకే ఉత్తరం రాస్తే రెండు చోట్లా 'మా పరిధి కాదు' అని తిప్పి పంపుతారు.

ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడలేనని ఫిర్యాదు మానుకోకండి. 131 450కి ఫోన్ చేసి తెలుగు అంటే దుబాసీని లైన్‌లోకి తీసుకొస్తారు. ప్రొవైడర్ అపాయింట్‌మెంట్‌కి కూడా దుబాసీ కావాలని రెండు రోజుల ముందు చెప్పండి, ఆ ఖర్చు మీది కాదు. పదో క్లాసు చదివే పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని జాబ్ ప్లాన్ మీద సంతకం పెట్టడం కంటే అది చాలా నయం.